పెంట ద్వారము బాగుచేసిన అధికారి

(రేడియో వాక్య ధ్యానము. వాక్యభాగము: నెహెమ్యా 3:14)

 

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము మనలో చాలామంది దాటవేసే అధ్యాయము. అన్నీ నోరు తిరగని పేర్లే. ఫలానావాడు ఇంతమేర గోడ కట్టాడు, అతని ప్రక్కన ఫలానావాడు కట్టాడు, ఇదే వరుస. అయితే ఈ వారం దానిని నెమ్మదిగా చదివి చూడండి. ప్రధానయాజకుడైన ఎల్యాషీబు తన తోటి యాజకులతో కలిసి గొఱ్ఱెల ద్వారము కట్టాడు. బంగారు పనివాడు కట్టాడు, అతని ప్రక్కనే అత్తరులు చేసేవాడు కట్టాడు. షల్లూము అనే ఒక అధిపతి తన కుమార్తెలను కూడా వెంటబెట్టుకొని వచ్చి పనిచేశాడు. తెకోవ ఊరివారు వచ్చారు గాని, వారి పెద్దలు మాత్రం ఆ పనికి మెడ వంచలేదని అయిదవ వచనము మొగమాటము లేకుండా వ్రాసిపెట్టింది. ఇరవై నాలుగు వందల సంవత్సరాలు గడిచినా ఆ పెద్దల సంగతి ఇంకా మనము చదువుతూనే ఉన్నాము!

ఇక పదునాలుగవ వచనము. పట్టణములో ఒక ద్వారమునకు పెంట ద్వారము అని పేరు. పట్టణపు చెత్త, కసవు, బూడిద, పేడ ఆ దారినే బయటికి పోయేది. దానిని బాగుచేసినది ఎవరు? కూలివాడా? బానిసా? కాదు. బేత్‌హక్కెరెము ప్రదేశమునకు అధిపతియైన మల్కీయా. బేత్‌హక్కెరెము అంటే ద్రాక్షతోట యిల్లు అని అర్థము. ద్రాక్షతోటల ప్రాంతపు అధికారి వచ్చి పట్టణపు చెత్త పోయే ద్వారము దగ్గర నిలువబడి, తలుపులు బిగించి, గడియలు అమర్చి, పని ముగించి వెళ్ళాడు. లేఖనములో అతని గురించి మనకు తెలిసినది ఇంతే. నాకైతే ఇది చాలును.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకు వెళ్తాను. గెహెన్నా అని మన ప్రభువు చెప్పిన స్థలము, అనగా హిన్నోము లోయ, యెరూషలేము పట్టణపు చెత్తకుప్ప అనియు, అక్కడ రాత్రింబగళ్ళు మంట ఆరకుండా చెత్త కాలుచుండేదనియు ప్రసంగాలలో తరచుగా వింటాము. ఆ మాటకు మనకు దొరికే ఆధారము సుమారు 1200వ సంవత్సర ప్రాంతములో జీవించిన దావీదు కింహీ అనే యూదు వ్యాఖ్యానకర్త వ్రాత. అంటే ప్రభువు కాలము తరువాత వెయ్యేళ్ళకు పైనే. హిన్నోము లోయకు చెడ్డపేరు వచ్చింది చెత్త వలన కాదు, అక్కడ పిల్లలను అగ్నిలో బలిచ్చినందువలన. యిర్మీయా 7వ అధ్యాయము, రెండవ రాజులు 23వ అధ్యాయము చూడండి. మొదటి శతాబ్దపు యెరూషలేము చెత్తపోగు ఒకటి మాత్రం తవ్వకాలలో నిజముగానే బయటపడింది. అది పట్టణపు తూర్పు వాలులో, కిద్రోను లోయవైపు ఉంది. పగిలిన కుండ పెంకులు, ఎముకలు, బూడిద అందులో దొరికాయి. రెండువేల యేళ్ళనాటి ఆ చెత్తలో ప్లాస్టిక్ కవరు ఒక్కటీ లేదు. మనము ఈ రోజు పారవేసినది రెండువేల యేళ్ళ తరువాత ఎవరైనా తవ్వి చూస్తే ఏమి దొరుకుతుందో మీరే ఆలోచించుకోండి.

సహోదరీ, మీ వంటింట్లో ఒక పెంట ద్వారము ఉంది. అది ఆ మూలనున్న చెత్తబుట్ట. సహోదరుడా, అది మీ భార్య పని అని మీరు అనుకుంటే మల్కీయా వంక ఒక్కసారి చూడండి.

మన అమ్మమ్మల, నాయనమ్మల ఇళ్ళలో చెత్తబుట్ట అనే వస్తువు దాదాపు ఉండేది కాదు. ఎందుకు లేదు? ఇల్లు ఊడ్చిన కసవు, పేడ పెంటకుప్పలోకి పోయేవి, ఏడాదికొకసారి అది బండికెక్కి పొలానికి చేరేది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయ తొక్కలు, మిగిలిన గంజి కుడితి తొట్టిలో పడేవి, సాయంత్రానికి గేదె తాగేది, మరునాడు అది పాలై తిరిగి ఇంటికి వచ్చేది. పొయ్యిలోని బూడిదతో, కొబ్బరి పీచుతో అంట్లు తోమేవారు. రాత్రి మిగిలిన అన్నము తెల్లవారేసరికి చద్దన్నమయ్యేది. చీర పాతబడితే లోపలి పావడా గుడ్డ, అది చిరిగితే చంటిబిడ్డకు పొత్తిగుడ్డ, నాలుగైదు కలిపి కుడితే బొంత, బొంత కూడా పీలికలైతే మసిగుడ్డ. ఒక్క చీర పదిహేనేళ్ళు ఆ ఇంటికి సేవచేసేది.

పాతరోజులు బంగారు రోజులని చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆ ఊళ్ళలోనే కలరా వచ్చేది. ఊరి పెంట ఎత్తే పని ఎవరి నెత్తిన పెట్టారో, వారిని ఊరికి ఏ దిక్కున ఉంచారో మన సంఘాలలోని పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. ఆ కాలము పోయినందుకు దేవునికి స్తోత్రము. అయినా వస్తువును ఊరికే పారవేయని ఆ చేతివాటము మాత్రము ఆ కాలముతోపాటు పోవలసినది కాదు.

ఇప్పుడు యిర్మీయా గ్రంథము 38వ అధ్యాయము తెరవండి. ఇది నాకెంతో ఇష్టమైన భాగము. ప్రవక్తను ప్రధానులు త్రాళ్ళతో గోతిలోకి దింపారు. గోతిలో నీళ్ళు లేవు, బురద ఉంది. యిర్మీయా బురదలో దిగబడిపోయాడు. రాజనగరులో ఎబెద్మెలెకు అనే కూషీయుడు ఉన్నాడు. పరదేశి, రాజు ఇంట నపుంసకుడు, మాట చెల్లే స్థితి ఉన్నవాడు కాదు. అయినా రాజు దగ్గరకు ధైర్యముగా వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు, మనుష్యులను పోగుచేసుకున్నాడు. అటుపైన ఏమి చేశాడో గమనించండి. తిన్నగా గోతి దగ్గరకు పోలేదు. రాజు ఖజానా క్రింది గదిలోకి వెళ్ళాడు. పైన వెండి బంగారాలున్నాయి, అతడు వాటి వంక చూడలేదు. క్రింద పడివున్న పాత గుడ్డలు, చిరిగిన బట్టల పీలికలు ఏరుకొని, వాటిని త్రాళ్ళతో గోతిలోకి దించి, అయ్యా, వీటిని నీ చంకల క్రింద పెట్టుకో, త్రాళ్ళు దానిమీద వేసుకో అని చెప్పాడు. బక్కచిక్కిన మనిషిని వట్టి త్రాటితో బురదలోనుండి లాగితే చంకలు కోసుకుపోతాయని ఆ పరదేశికి తోచింది.

రాజనగరులో ఆ చింపిరి గుడ్డలు ఎవరో పారవేయక దాచి ఉంచారు. ఎవరు దాచారో, ఎందుకు దాచారో వాక్యము చెప్పదు. మూడవ మాట ఒకటి చూడండి. ఎబెద్మెలెకుకు ఆ గుడ్డలు ఏ గదిలో ఉన్నాయో తెలుసు! ఖజానాలో ఏమున్నదో రాజుకు తెలుస్తుంది. ఖజానా క్రింద ఏమున్నదో పనిచేసేవానికి తెలుస్తుంది. తరువాతి అధ్యాయములో యెరూషలేము కూలిపోయింది, అయితే దేవుడు ఈ కూషీయునికి ప్రత్యేకముగా ఒక వాగ్దానము పంపి అతని ప్రాణము కాపాడాడు.

పాత బట్టల మాట వచ్చింది గనుక ఒక విషయము సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. వరద వచ్చినప్పుడు, తుఫాను వచ్చినప్పుడు మన సంఘాలు బట్టలు పోగుచేసి పంపుతాయి. మంచి పని. కాని ఆ మూటలు విప్పినచోట మీరెప్పుడైనా నిలుచున్నారా? గుండీలు లేని చొక్కాలు, జిప్పు పాడైన ప్యాంట్లు, ఒక్క కాలి మేజోళ్ళు, మరకలు పోని లోదుస్తులు కనబడతాయి. ఇల్లు పోగొట్టుకున్న తల్లి చేతిలో వాటిని పెట్టడము దానము కాదు, మన ఇంటి చెత్తను ఆమె ఇంటికి చేరవేయడము. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె స్వయముగా కుట్టిన అంగీలు, వస్త్రములు. ఇచ్చేది ఉంటే ఉతికి, గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. చిరిగినది మీ ఇంట్లోనే మసిగుడ్డ చేసుకోండి, సంచి కుట్టుకోండి. పాత జీన్సు ప్యాంటు కాళ్ళతో కూరగాయల సంచి కుడితే ఎన్నో ఏళ్ళు చినగదు. మీ వీధిలో మిషను కుట్టుకునే చెల్లెలుంటే ఆ కుట్టుకూలి ఆమెకు దక్కనివ్వండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంటిలో చెత్తను వేరుచేయమని ప్రభుత్వము చెప్తుంది, వార్డువాళ్ళు చెప్తారు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు తడి చెత్త, పొడి చెత్త, ఇంటిలోని హానికర చెత్త మూడింటిని ఇంట్లోనే వేరుచేయాలని చెప్పాయి. మన తెలుగు నేలపై సూర్యాపేట మునిసిపాలిటీ అంతకు ఎంతో ముందుగానే, 2000 దశకములోనే, వీధి కుండీలు తీసివేసి, ఇంటింటికీ తిరిగి తడి పొడి వేరుగా తీసుకొని దేశమంతటా పేరు తెచ్చుకున్నది. కాబట్టి ఇది మనకు తెలియని విద్య కాదు. అయితే నేను పోలీసుగా మాట్లాడటము లేదు, కాపరిగా మాట్లాడుతున్నాను. అందుచేత జరిమానా గురించి చెప్పను. చేతుల గురించి చెప్తాను.

మా సంఘములో పారిశుధ్య పని చేసుకునే ఒక అక్క ఉంది. ఇరవై యేళ్ళకు పైగా అదే పని. ఒక ఆదివారము బల్లారాధనకు చేతికి కట్టుతో వచ్చింది. రొట్టె అందుకోవడానికి ఎడమచేయి చాపి, మళ్ళీ మొగమాటపడి, కట్టుకట్టిన కుడిచేయే చాపింది. ఆరాధన అయ్యాక అడిగితే పగిలిన ట్యూబులైటు అని చెప్పింది. ఎవరో అన్నము, కూర మెతుకులతోపాటు నల్ల కవరులో వేసి ముడివేశారు. "అయ్యగారూ, చెత్త ఎత్తడం మాకు బాధ కాదండి. లోపల ఏముందో తెలియకుండా చెయ్యి పెట్టడమే బాధ" అన్నది. ఆ ట్యూబులైటు వేసినవారు క్రైస్తవులో కాదో నాకు తెలియదు. అయితే ఆమె తిరిగే ఆ నాలుగు వీధులలో మన సంఘపు కుటుంబాలు చాలానే ఉన్నాయి.

మన సంఘాలలో వెనుక బల్లమీద కూర్చునేవారిలో ఎంతమంది ఈ పని చేస్తున్నారో ఒకసారి లెక్కచూడండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చీపురు పట్టేవారు, బండి లాగేవారు, కుప్పల్లో అట్టలు, సీసాలు ఏరుకునేవారు ఉన్నారు. ఆదివారము మనము వారిని సహోదరి అని పిలుస్తాము. సోమవారము మన ఇంటి సంచి ముడి విప్పేది ఆ సహోదరియే. ఒకే రొట్టెలో పాలుపొందినవారి చేతికి బ్లేడు ముక్క అందించడము ఎంత ఘోరము!

పగిలిన గాజు, వాడిన బ్లేడు, సూది ఉంటే దళసరి కాగితములో గాని, పాత అట్టపెట్టెలో గాని చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక గుర్తు పెట్టండి. స్త్రీల ప్యాడ్లు, పిల్లల డైపర్లు విడిగా పాత వార్తాపత్రికలో చుట్టి అదే గుర్తు పెట్టండి. ట్యూబులైట్లలో పాదరసము ఉంటుంది, వాటిని, అయిపోయిన బ్యాటరీలను, గడువు దాటిన మందులను ఒక పాత డబ్బాలో దాచి, చెత్తబండికి విడిగా ఇదేమిటో చెప్పి ఇవ్వండి. అరనిమిషము పని. ఈ వారము ఇంకేమీ చేయలేకపోయినా ఈ ఒక్కటి చేయండి.

పాల ప్యాకెట్టు సంగతి కూడా వినండి, నవ్వుకోకండి. మూల కత్తిరించినప్పుడు ఆ చిన్న త్రికోణపు ముక్క ఊడి పడిపోతుంది. అది ఏ యంత్రానికీ చిక్కదు, ఎవరి చేతికీ అందదు, కాలువలో కొట్టుకుపోతుంది. మూలను పూర్తిగా కోయక, ముక్క కవరుకే వ్రేలాడేలా సగము కోయండి. కవరు కడిగి, ఆరబెట్టి, వంటింటి గోడకు ఒక కొక్కెము పెట్టి గుచ్చండి. నెలకు ఒక కట్ట అవుతుంది, పాత సామాన్లవాడు తీసుకుంటాడు. కడగకుండా ఇస్తే పుచ్చు వాసనతో అతడూ తీసుకోడు, పారవేస్తాడు.

మన పట్టణాల చెత్తలో బరువు ప్రకారము చూస్తే సుమారు సగము, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ, తడి చెత్తే. అంటే మట్టికి చెందినదే. దానిని ప్లాస్టిక్ సంచిలో ముడివేసి గుట్టమీద పడేస్తే గాలి ఆడక కుళ్ళి మీథేను వాయువు పుడుతుంది, ఆ వాయువు మండుతుంది. ఊరుతున్న నల్లటి నీరు నేలలోకి దిగుతుంది. హైదరాబాదు చెత్త చేరే జవహర్‌నగర్ చుట్టుప్రక్కల ప్రజలను అడగండి, మల్కారం చెరువు నీరు ఎందుకు పాడయిందో వారు చెప్తారు. ఆ గుట్ట మీ ఇంటికి కనబడదు. అది కనబడే ఇళ్ళు ఉన్నాయి. సాధారణముగా అవి పేదవారి ఇళ్ళే.

2017వ సంవత్సరము ఏప్రిల్ 14, శుభ శుక్రవారము. మనము మందిరములలో ప్రభువు సిలువ మాటలు ధ్యానించుచుండిన ఆ రోజున, శ్రీలంకలో కొలంబో ప్రక్కన మీతొటముల్ల అనే చోట చెత్తగుట్ట కూలి ఇళ్ళమీద పడింది. సింహళీయులకు, తమిళులకు అది కొత్త సంవత్సరపు పండుగ రోజు. ముప్పదిమందికి పైగా చనిపోయారు. ఏ శత్రువు వచ్చి వారిని చంపలేదు. ఒక మహానగరము ప్రతిరోజు ఉదయము ఇంటి గుమ్మము దగ్గర పెట్టిన సంచులే వారిని చంపాయి.

తడి చెత్తకు మీ ఇంట్లోనే దారి ఉంది. పెరడు ఉన్నవారు ఒక గొయ్యి తీసుకోండి. అపార్టుమెంటులో ఉన్నవారు మూత ఉన్న ఒక పాత బకెట్టు గాని, రంగు డబ్బా గాని, మట్టికుండ గాని తీసుకొని ప్రక్కలకూ అడుగునా చిన్న రంధ్రాలు చేయండి. అడుగున కొబ్బరి పీచో, ఎండుటాకులో పరచండి. ఏ రోజు తొక్కలు ఆ రోజు వేసి, దానిమీద దాదాపు రెట్టింపు ఎండుటాకులు గాని, చింపిన అట్టముక్కలు గాని కప్పండి. మొదట్లో ఒక గుప్పెడు పాత ఎరువో, కాస్త పుల్లటి మజ్జిగో చిలకరిస్తే త్వరగా పట్టుకుంటుంది. వారానికొకసారి కర్రతో కలియబెట్టండి. వాసన వస్తున్నదంటే తడి ఎక్కువైందని అర్థము, ఇంకొంచెము ఎండుటాకులు వేయండి. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని అర్థము, కొంచెము నీళ్ళు చల్లండి. మాంసము, చేపల ముళ్ళు అందులో వేయకండి, ఎలుకలు వస్తాయి. రెండు నెలలకు నల్లగా, వానపడిన మన్ను వాసనతో ఎరువు చేతికి వస్తుంది. ఆ వాసన చూసిన మొదటి రోజున ఆదికాండము రెండవ అధ్యాయము ఒకసారి చదువుకోండి. దేవుడు మంటితో నరుని చేశాడని మనము కంఠతా చెప్తాము గాని, ఆ మన్ను మన చేతికి అంటి ఎన్నాళ్ళయిందో!

అన్నిటికంటె సులువైనది, అసలు ఇంటికి తేకుండా ఉండటము. ఆదివారము ఆరాధన అయ్యాక మన విశ్వాసులలో సగముమంది మాంసము కొట్టు దగ్గరే కనబడతారు. అక్కడికి ఒక స్టీలు గిన్నె పట్టుకువెళ్ళండి. కర్రీ పాయింటుకు టిఫిను క్యారేజీ పట్టుకువెళ్ళండి. వేడివేడి సాంబారు పలుచని కవరులో పోయించుకొని రబ్బరుబ్యాండు వేయించుకోవడము ఆరోగ్యానికీ మంచిది కాదు. కొట్టువాడు మొదటిరోజు వింతగా చూస్తాడు. రెండవ వారము గిన్నె ఇటివ్వండమ్మా అని అతడే అడుగుతాడు.

ఇంటి సంగతి ఇంతసేపు మాట్లాడి దేవుని మందిరము సంగతి మాట్లాడకపోతే న్యాయము కాదు. క్రిస్మస్ ప్రేమవిందు అయ్యాక మందిరపు ఆవరణ చూశారా? 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధింపబడ్డాయి. కాగితపు గ్లాసు అయితే ఫరవాలేదని కొందరు అనుకుంటారు, దాని లోపల కూడా ప్లాస్టిక్ పూత ఉంటుంది. మోదుగాకుల, అడ్డాకుల విస్తళ్ళు మనకు తరతరాలుగా ఉన్నాయి. అంతకంటే మేలు, ఎవరి పళ్ళెము వారు ఇంటినుండి తెచ్చుకోవడము. పెద్దయింటి స్త్రీయు, కూలి చేసుకునే స్త్రీయు ఒకే కుళాయి దగ్గర తమ పళ్ళెములు కడుక్కుంటే ప్రేమవిందు అనే పేరుకు కొంత అర్థము వస్తుంది. బల్లారాధనకు చిన్న ప్లాస్టిక్ గిన్నెలు వందలకొద్దీ కొని, ఆరాధన అయిన వెంటనే చెత్తలో వేసే అలవాటు కొన్ని సంఘాలలో ఉంది. ఆయన రక్తమునకు గుర్తుగా మనము చేత పట్టుకున్న గిన్నె అది. గాజువి గాని, స్టీలువి గాని కొంటే ఒక తరము వాడుకోవచ్చును. ఎవరు కడుగుతారని అడుగుతారేమో. ప్రభువు ఆ రాత్రి ఏమి కడిగాడో యోహాను 13వ అధ్యాయములో ఉన్నది.

ఉజ్జీవ కూటముల ఫ్లెక్సీలు ఇంకొక సంగతి. దైవజనుని ఫోటో ఎంత పెద్దదైతే కూటము అంత పెద్దదని మనలో ఒక భ్రమ పాతుకుపోయింది. కూటము అయిపోయాక దానిని కాల్చకండి, అది పి.వి.సి., ఆ పొగ విషము. పాకమీద కప్పుకోవడానికి అడిగేవారు ఉంటారు, వారికివ్వండి. వచ్చే ఏడు గుడ్డమీద, తేదీ లేకుండా వ్రాయించండి, తేదీ ముక్క మాత్రము మార్చుకోవచ్చును.

కొందరు విశ్వాసులు నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉంది. అయ్యగారూ, ప్రభువు రాకడ సమీపముగా ఉంది, భూమి ఎలాగూ అగ్నిచేత లయమవుతుంది కదా, ఆత్మల రక్షణ విడిచి ఈ చెత్త గోల మనకెందుకు? ఇది తేలికగా తీసివేయవలసిన ప్రశ్న కాదు. రెండవ పేతురు మూడవ అధ్యాయము మన విశ్వాసములో ఉన్నదే. అయితే అదే పేతురు అక్కడ, ఇవన్నీ లయమగునవి గనుక మీరు ఎలా బ్రదుకుతున్నారు అని అడుగుచున్నాడు, ఎలా బ్రదికినా ఫరవాలేదు అనుట లేదు. ప్రకటన 11వ అధ్యాయము 18వ వచనములో తీర్పుదినమున దేవుడు ఎవరిని నాశనము చేస్తాడో ఒకసారి చూడండి. భూమిని పాడుచేసినవారు ఆ జాబితాలో ఉన్నారు.

యోహాను సువార్త ఆరవ అధ్యాయము కూడా ఉంది. అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు, అయిదువేలమంది పురుషులు. కావలసినంత పుట్టించగలిగినవాడు ఎదుటనే నిలుచున్నాడు. రేపు మళ్ళీ ఆకలైతే మళ్ళీ పుట్టిస్తాడు. అయినా జనులు కడుపునిండా తిన్న తరువాత ఆయన శిష్యులను తీరికగా కూర్చోనివ్వలేదు. గడ్డిమీద పడ్డ ముక్కలన్నీ ఏరమన్నాడు, ఏదీ వృథాగా పోరాదన్నాడు. ఏరిన ముక్కలు పన్నెండు గంపలు. ఆ గంపకు అక్కడ వాడిన గ్రీకు మాట కొఫినోస్, అంటే యూదులు ప్రయాణములో వెంట తీసుకువెళ్ళే చేతిగంప. పన్నెండుమంది శిష్యులు, పన్నెండు గంపలు. ఒక్కొక్క శిష్యుడు వంగి, ఇతరులు తిని విడిచిన ముక్కలు ఏరాడు. అద్భుతము చేయడము ప్రభువు పని, ఏరడము శిష్యుల పని. ఆ క్రమము ఆయనే పెట్టాడు.

ఐగుప్తు దేశములో కైరో నగరము అంచున, మొకత్తము కొండ క్రింద, జబ్బలీను అనబడే ప్రజలు ఉన్నారు. ఆ మాటకు చెత్తవారు అని అర్థము. వారిలో అత్యధికులు కోప్తు క్రైస్తవులు. 1940ల నుండి ఎగువ ఐగుప్తులోని పేద పల్లెల నుండి వలస వచ్చినవారు. ఇంటింటికీ వెళ్ళి చెత్త తెచ్చి, ఇంట్లో ఆడవారు, పిల్లలు కూర్చొని వేరుచేసి, తాము తెచ్చిన దానిలో సుమారు 80 శాతము తిరిగి వాడుకలోకి తెచ్చినట్లు అధ్యయనాలు చెప్తున్నాయి. కోట్ల రూపాయల యంత్రాలున్న కంపెనీలు కూడా అంత చేయలేకపోయాయి. మిగిలిన అన్నము, తొక్కలు వారు పందులకు మేపేవారు. 2009లో స్వైన్ ఫ్లూ భయముతో ప్రభుత్వము ఆ పందులన్నిటినీ చంపించింది. జబ్బు పందుల వలన వ్యాపించడము లేదని ఆరోగ్య నిపుణులు చెప్పినా వినలేదు. కొద్ది నెలల్లోనే కైరో వీధులలో తిండి చెత్త గుట్టలుగా కుళ్ళింది. ఎవరిని తక్కువగా చూశారో వారు ప్రతిరోజు ఏమి మోస్తున్నారో అప్పుడు నగరానికి అర్థమైంది.

ఆ కొండను తొలిచి ఆ ప్రజలు ఒక మందిరము కట్టుకున్నారు. వేలమంది కూర్చునే గుహ మందిరము, మధ్యప్రాచ్యములోని అతిపెద్ద మందిరములలో ఒకటి. దానికి చర్మకారుడైన సీమోను పేరు పెట్టుకున్నారు. అపొస్తలుల కార్యములలో యొప్పేలో పేతురుకు బస ఇచ్చిన చర్మకారుడైన సీమోను కాదు, ఈయన పదవ శతాబ్దపు కోప్తు భక్తుడని వారి సంప్రదాయము. తోలుపని చేసుకునేవాని పేరు ఇంత పెద్ద మందిరానికి పెట్టుకున్న ఆ చెత్తవారి సంగతి మన తెలుగు సంఘాలకు ఎవరైనా విడమరచి చెప్పవలసిన అవసరము ఉన్నదా?

వచ్చే శనివారము సాయంత్రము మీ ఇంట్లో పిల్లలను పిలిచి చెత్తబుట్టను ఒక పాత పేపరుమీద బోర్లించండి. తిట్టకండి, ఊరికే చూపించండి. తడిది ఇటు, పొడిది అటు, గుచ్చుకునేది వేరుగా పెట్టమనండి. తండ్రి కూడా కూర్చోవాలి. సోమవారము బండి వచ్చినప్పుడు ఆ సహోదరి పేరు అడగండి. పేరు తెలిసిన మనిషికి మనము ముడి వేసిన కవరు విసరలేము.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, రేపు తెల్లవారుజామున చీపురు పట్టుకొని మా వీధులలోకి వచ్చే మా అక్కచెల్లెళ్ళను, అన్నదమ్ములను నీ చేతికి అప్పగించుచున్నాము. గాజు ముక్కలనుండి, సూదులనుండి, రోడ్డుమీద వేగముగా పోయే బండ్లనుండి వారిని కాపాడుము. గుట్టల ప్రక్కన నిద్రించే పిల్లలను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.